సంచిలోకి మూత్రం వస్తోంది కదా అని రెండు కిడ్నీలూ బాగున్నట్టు కాదు

సంపాదకులకు,

మూత్రాశయ క్యాన్సర్ మీద మీ ఆరోగ్య పేజీలో వచ్చిన వ్యాసం బాగుంది. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడితే ఊరుకోవద్దనీ, బీడీ, చుట్ట, సిగరెట్టే ఈ జబ్బుకు అసలు మూలమనీ గట్టిగానే చెప్పారు. పొగాకు పండే ఒంగోలు, కొండపి, కందుకూరు వైపు ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు. అయితే వ్యాసం మూత్రాశయం తీసేసి పొట్ట మీద సంచి పెట్టడంతో ఆగిపోయింది. ఆ తర్వాత సంగతి ఎవరూ రాయడం లేదు కాబట్టి ఈ ఉత్తరం. ఆపరేషనైన ఏడాదికో రెండేళ్లకో, ఒంట్లో క్యాన్సర్ జాడ కూడా లేని మనిషి ఒక కిడ్నీ పూర్తిగా పోగొట్టుకుని వస్తుంటాడు. కిడ్నీ నుంచి మూత్రం దించే యురేటర్‌ను పేగుకు కుట్టినచోట దారి ఇరుకై, క్రమంగా మూసుకుపోవడమే దానికి కారణం. యూరాలజీ వాళ్లు దీన్నే స్ట్రిక్చర్ అంటారు. ముందే పట్టుకుంటే చాలామందికి కిడ్నీ దక్కుతుంది.

ఆపరేషన్‌లో చేసేదేమిటో ముందు క్లుప్తంగా. చిన్నపేగు చివరి భాగం నుంచి 15–20 సెంటీమీటర్ల ముక్కను దాని రక్తనాళాలు తెగకుండా విడదీసి, మిగతా పేగును మళ్లీ కలిపేస్తారు. విడదీసిన ముక్కకు ఒక కొస మూసి, దాని పక్కన రెండు యురేటర్లనూ కుడతారు. రెండో కొసను బొడ్డుకు కుడిపక్కన చర్మం మీదికి తెచ్చి నోరులా కుడతారు, అదే స్టోమా, దాని మీదే సంచి అంటిస్తారు. అమెరికన్ సర్జన్ బ్రికర్ 1950లో ప్రచారంలోకి తెచ్చిన ఈ ఇలియల్ కాండ్యూటే మన దగ్గర ఎక్కువగా కనిపిస్తుంది. కొందరికి అర మీటరు పైగా పేగు తీసుకుని లోపలే కొత్త మూత్రాశయం కడతారు, దాన్ని నియోబ్లాడర్ అంటారు. ఏ పద్ధతిలో చేసినా యురేటర్‌కూ పేగుకూ మధ్య అతుకు తప్పదు. ఇరుకయ్యేది ఆ అతుకే.

ఒక్కో ఆసుపత్రి లెక్క ఒక్కోలా ఉన్నా, ఎక్కువ లెక్కలు నూటికి 3 నుంచి 15 మంది మధ్యలో తేలతాయి. చాలావరకు మొదటి రెండేళ్లలోనే బయటపడుతుంది. అలాగని రెండేళ్లు దాటితే నిశ్చింతగా ఉండొచ్చనీ కాదు, పదేళ్ల తర్వాత మూసుకుపోయినవాళ్లూ ఉన్నారు.

ఎందుకు ఇరుకవుతుందో తెలిస్తే ఎవరి మీద ఎక్కువ కన్నేసి ఉంచాలో తెలుస్తుంది. యురేటర్‌కు తనదంటూ ఒక పెద్ద రక్తనాళం లేదు. పైన కిడ్నీ నుంచి, మధ్యలో నడుము లోపలి పెద్ద నాళాల నుంచి, కింద మూత్రాశయం వైపు నుంచి సన్నటి కొమ్మలు వచ్చి దాని పైపొరలో అల్లుకుంటాయి. మూత్రాశయం తీసేటప్పుడు కింది కొమ్మలన్నీ తెగుతాయి. తెగిన కొసకు ఇక పైనుంచి దిగే రక్తమే దిక్కు. ఆ కొసను పొరలు ఊడేలా గీకినా, బిగలాగి కుట్టినా రక్తం చాలక అది మచ్చ కట్టి ముడుచుకుపోతుంది. ఎడమ యురేటర్‌కు ఈ ముప్పు ఎక్కువ, ఎందుకంటే స్టోమా కుడిపక్క ఉంటుంది కాబట్టి పెద్దపేగు మడత కిందుగా దాన్ని దూరం లాక్కురావాలి. ఆపరేషనైన మొదటి వారాల్లో అతుకు దగ్గర మూత్రం కారినవాళ్లకు, అక్కడ చీము పట్టినవాళ్లకు, అంతకుముందు పొత్తికడుపుకు రేడియేషన్ తీసుకున్నవాళ్లకు కూడా అవకాశం పెరుగుతుంది. రోబో పరికరంతో చేసేచోట ఆకుపచ్చగా వెలిగే రంగుమందు ఎక్కించి, యురేటర్ కొసకు రక్తం అందుతోందో లేదో చూసి కోస్తున్నారు. మంచి పద్ధతే, కానీ అది ఉన్నంతమాత్రాన తర్వాతి చెకప్‌లు మానేయకూడదు.

డిశ్చార్జి కాగితంలో ‘బ్రికర్’ అని ఉందో, ‘వాలెస్’ అని ఉందో చూసుకోండి. బ్రికర్ పద్ధతిలో రెండు యురేటర్లనూ విడివిడిగా కుడతారు, ఒకటి మూసుకున్నా రెండోది ఆగదు. వాలెస్ పద్ధతిలో రెండు కొసల్నీ ఒకదానితో ఒకటి కలిపి ఒకే నోరుగా పేగుకు కుడతారు. అతుకు వెడల్పుగా వస్తుంది నిజమే, కానీ అక్కడ క్యాన్సర్ తిరగబెట్టినా, రాయి అడ్డుపడినా రెండు కిడ్నీలకూ ఒకేసారి దెబ్బ.

ఇక జనం మోసపోయేది ఎక్కడంటే, సంచి నిండుతూనే ఉంటుంది. చెరువుకు రెండు తూములుండి ఒకటి పూడిపోతే గట్టు మీద నిలబడి చూసేవాడికి ఏం తెలుస్తుంది? ఒక కిడ్నీ దారి మూసుకున్నా రెండోది ఆ పని కూడా మీద వేసుకుంటుంది. రోజుకు లీటరున్నర వచ్చేది లీటరున్నరే వస్తుంది. నిదానంగా మూసుకుంటే నొప్పి కూడా ఉండదు, మహా అయితే డొక్కలో బరువుగా ఉందంటారు. దాన్ని గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుంటారు.

కిడ్నీలు వడపోయాల్సిన వ్యర్థం రక్తంలో ఎంతుందో చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా ఇక్కడ నమ్మకమైన సాక్షి కాదు. రెండో కిడ్నీ ఆరోగ్యంగా ఉంటే అది కాగితం మీద నార్మల్ గడి దాటకపోవచ్చు. పైగా పెద్ద ఆపరేషన్ తర్వాత మనిషి చిక్కిపోతాడు. కండ తగ్గితే క్రియాటినిన్ దానంతటదే తగ్గాలి. డిశ్చార్జి నాడు 0.8 ఉన్నవాళ్లకు ఆర్నెల్లకు 1.2 వచ్చిందనుకోండి. ల్యాబు కాగితంలో దానికి నక్షత్రం గుర్తు ఉండదు, కంపౌండరు ‘అంతా నార్మలే’ అంటాడు. మా దృష్టిలో అది వెంటనే స్కానింగ్ చేయించాల్సిన అంకె. అంకె ఒక్కదాన్నే చూడొద్దు, కిందటిసారి అంకె పక్కన పెట్టి చూడండి. పాత రిపోర్టులు ఒకే ఫైల్లో ఉంచమని ప్రాణం తీసేది ఇందుకే.

స్కానింగ్ ఎప్పుడెప్పుడు? ఆపరేషన్‌లో యురేటర్లలో పెట్టిన సన్నటి గొట్టాలు, అంటే స్టెంట్లు, తీసేశాక నెలన్నర, రెండు నెలల్లో ఒక అల్ట్రాసౌండ్ తీయించి దాన్ని మొదటి కొలతగా దాచుకోవాలి. ఆ తర్వాత మొదటి ఏడాది మూడు నెలలకోసారి క్రియాటినిన్, రక్తంలో ఆమ్లం పెరిగిందేమో చెప్పే బైకార్బొనేట్, కిడ్నీల అల్ట్రాసౌండ్. రెండో, మూడో ఏళ్లలో ఆర్నెల్లకోసారి. ఆపైన బతికినన్నాళ్లూ ఏడాదికోసారి. క్యాన్సర్ కోసం తీసే సీటీ స్కాన్ ఎటూ ఉంటుంది కాబట్టి ఆ నెలలో అల్ట్రాసౌండ్ వేరే అక్కర్లేదు. సీటీ రాసేటప్పుడే, మందు మూత్రంలోకి దిగేదాకా ఆగి తీసే ఆలస్యపు ఫిల్ములు కూడా కావాలని డాక్టరుతో చీటీలో రాయించుకుంటే ఒక ఖర్చుతో రెండు పనులవుతాయి.

మొదటి కొలత మీద ఎందుకింత పట్టుదలంటే, కాండ్యూట్ ఉన్నవాళ్లలో చాలామందికి కిడ్నీలు కొద్దిగా వాచే కనిపిస్తాయి. అతుకుకు కవాటం లేకపోవడంతో పేగులోని మూత్రం కొంత వెనక్కి ఎగదన్నుతుంది. ‘రెండు పక్కలా స్వల్పంగా హైడ్రోనెఫ్రోసిస్’ (మూత్రం నిలిచి కిడ్నీ వాచడం) అని రిపోర్టు రాగానే స్ట్రిక్చర్ అని హడావుడి పడాల్సింది లేదు. అదే మాటను ప్రతిసారీ చూసిచూసి తేలిగ్గా తీసుకోనూకూడదు. మూడు నెలల కిందట ఎడమ కిడ్నీలో మూత్రం చేరే మధ్య గది 9 మిల్లీమీటర్లుండి ఇప్పుడు 19 అయితే అది ముదిరే వాపు. ఒకపక్క మాత్రమే వాచినా, కొత్తగా వాచినా, కిడ్నీ కండ పలచబడినా అలాగే లెక్క. కాబట్టి స్కానింగ్ సెంటర్ల డాక్టర్లకు మా విన్నపం: స్వల్పం, మధ్యస్థం అనే మాటలతో సరిపెట్టకుండా రెండు కిడ్నీల మధ్య గది అడ్డకొలత, కండ మందం మిల్లీమీటర్లలో రాయండి, పాత రిపోర్టు తెచ్చి ఉంటే దానితో పోల్చి ఒక వాక్యం రాయండి.

స్కానింగ్‌కు ముందు సంచి ఖాళీ చేసుకోవాలి. నియోబ్లాడర్ ఉన్నవాళ్లయితే పూర్తిగా పోసి వెళ్లాలి, పోశాక ఎంత మిగిలిందో కూడా కొలిపించుకోవాలి. కొత్త మూత్రాశయం సరిగా ఖాళీ కాక, లేదా పేగులో ఊరే జిగురు అడ్డుపడి రెండు కిడ్నీలూ వాచిపోవడం అరుదేం కాదు. అలాంటప్పుడు క్యాథెటర్ (మూత్రం తీసే సన్నటి గొట్టం) వేసి ఒకటి రెండు రోజులుంచి మళ్లీ స్కాన్ చేస్తే వాపు దిగిపోతుంది, స్ట్రిక్చర్ కానే కాదని తేలిపోతుంది. కాండ్యూట్‌లోనూ ఇదే జాగ్రత్త. స్టోమా నోరు బిగుసుకుందేమో చిటికెనవేలితో చూడాలి, 14 లేదా 16 నంబరు మెత్తటి క్యాథెటర్ నెమ్మదిగా దూర్చి లోపల ఎంత నిలవ ఉందో కొలవాలి. కొద్ది మిల్లీలీటర్లే రావాలి. బొటబొటా వంద వచ్చిందంటే తప్పు కింద నోటిదగ్గర ఉంది, పైన అతుకు దగ్గర కాదు. ఈ చిన్న పని చేయకుండా నేరుగా సీటీకి, అక్కణ్నుంచి చెన్నైకి పంపేయడం మాకు చికాకు కలిగించే విషయం.

అయినా అనుమానం తీరకపోతే రెండు పరీక్షలున్నాయి. స్టోమా గుండా క్యాథెటర్ వేసి ఎక్స్‌రే మందును ఒత్తిడి పెట్టకుండా నింపుతూ ఫిల్ములు తీస్తారు, దాన్ని లూపోగ్రామ్ అంటారు. కవాటం లేని అతుకైతే మందు రెండు యురేటర్లలోకీ ఎగబాకాలి. ఒకవైపు ఎక్కి రెండోవైపు ఎక్కకపోతే అక్కడ అడ్డు ఉందని అనుమానించాలి. రెండోది రీనోగ్రామ్, అంటే రక్తంలోకి కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఎక్కించి, అది కిడ్నీల్లోంచి ఎలా పోతోందో చూడడం. గామా కెమెరా ఉన్నచోటే చేస్తారు. తిరుపతి స్విమ్స్‌లో, వేలూరు సీఎంసీలో న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలున్నాయి. ఏ కిడ్నీ నూటికి ఎంతవంతు పనిచేస్తోందో, మూత్రం బయటికి పోవడానికి ఎంతసేపు పడుతోందో ఇందులో తేలుతుంది. మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్ ఇచ్చాక కిడ్నీలోని ఆ మందు సగానికి పడిపోవడానికి 10 నిమిషాల లోపు పడితే అడ్డు లేనట్టు, 20 నిమిషాలు దాటితే అడ్డు ఉన్నట్టు, మధ్యలో ఉంటే ఇంకోసారి చూడాల్సినట్టు. ఇది చేసేటప్పుడు స్టోమాలో క్యాథెటర్ వేసి తెరిచి ఉంచకపోతే ఫలితం తప్పుగా రావచ్చు. పరీక్షకు వెళ్లేవాళ్లు తమకు సంచి ఉందని అపాయింట్‌మెంట్ నాడే చెప్పాలి.

ఇప్పుడు జ్వరం సంగతి. ఈ ఉత్తరంలో ఇంకేదీ చదవకపోయినా ఈ పేరా చదవమని పల్లెల్లోని ఆర్‌ఎంపీలను వేడుకుంటున్నాం. సంచి ఉన్న మనిషికి వణుకుతో చలి పెట్టి 101 దాటి జ్వరం వచ్చి, డొక్కలో నొప్పి కూడా ఉంటే అది మలేరియానో, వైరల్ జ్వరమో అనుకుని మూడు రోజులు చూడకూడదు. మూసుకున్న కిడ్నీలో చీము పడితే మనిషి గంటల్లో సెప్సిస్‌లోకి, అంటే ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకే స్థితిలోకి, జారిపోతాడు. బీపీ పడిపోయాక కాపాడటం కష్టం. అడ్డు వెనక నిలిచిన చీములోకి యాంటీబయాటిక్ చాలినంత దిగదు, ఆ చీమును బయటికి తీయాల్సిందే. డైక్లోఫెనాక్ సూది వేస్తే నొప్పి తగ్గుతుంది, కిడ్నీ మరింత దెబ్బతింటుంది. అమికాసిన్, జెంటామైసిన్ యాంటీబయాటిక్ సూదులు కూడా క్రియాటినిన్ చూడకుండా వద్దు. పారాసెటమాల్ ఇచ్చి, 108కి ఫోన్ చేసి, డిశ్చార్జి కాగితం చేతికిచ్చి యూరాలజీ ఉన్న ఆసుపత్రికి పంపండి. ఉదయగిరి నుంచి నెల్లూరుకైనా, మార్కాపురం నుంచి ఒంగోలుకైనా వంద కిలోమీటర్ల దాకా దూరం. తెల్లారాక చూద్దాం అనుకుంటే ఆ రాత్రి పోయినట్టే.

యూరిన్ కల్చర్ గురించి ఒక మాట. సంచిలో మూత్రం కల్చర్‌కు పంపితే దాదాపు అందరికీ సూక్ష్మజీవులు పెరుగుతాయి. పేగు ముక్కలో అవి మామూలుగా ఉండేవే. జ్వరం, నొప్పి లేకుండా కేవలం ఆ రిపోర్టు చూసి వారానికో యాంటీబయాటిక్ మార్చేవాళ్లున్నారు, చివరికి నిజంగా అవసరం పడ్డనాడు ఏ మందూ పనిచేయదు. కల్చర్ తప్పనిసరైతే సంచి ఊడదీసి, స్టోమా తుడిచి, కొత్త క్యాథెటర్ లోపలికి పంపి తీసిన మూత్రమే పంపాలి.

చీము పట్టిన కిడ్నీకి చేసేది పీసీఎన్, అంటే వీపు పక్కనుంచి కిడ్నీలోకి ట్యూబు వేయడం. బోర్లా పడుకోబెట్టి, చర్మానికి మాత్రం మత్తిచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ 18 గేజ్ సూదిని కిడ్నీ కింది గదిలోకి దించుతారు. మూత్రమో చీమో రాగానే కొంత కల్చర్‌కు తీసి, 0.035 అంగుళాల వైరు పంపి, దారి వెడల్పు చేసి, 8 నుంచి 10 ఫ్రెంచ్ ట్యూబు వేస్తారు. 8 ఫ్రెంచ్ అంటే సుమారు 2.7 మిల్లీమీటర్ల లావు. లోపలి కొస పందితోకలా చుట్టుకుంటుంది కాబట్టే దాన్ని పిగ్‌టెయిల్ అంటారు. అనుభవం ఉన్న చేతికి అరగంట పని. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. ఆ పూటే అంతా సరిచేసేద్దామని చీములోనే స్టెంట్లతో, బెలూన్లతో కుస్తీ పట్టకూడదు. ముందు చీము దిగాలి, జ్వరం తగ్గాలి. రెండు కిడ్నీలూ మూసుకుని తెరుచుకున్నవాళ్లకు ట్యూబు వేసిన రాత్రి మూత్రం వరదలా రావచ్చు. గంటకు 200 మిల్లీలీటర్లు దాటి వస్తుంటే పొటాషియం, బీపీ చూసుకుంటూ సెలైన్ ఇవ్వాలి. అలాంటివాళ్లను మర్నాడే ఇంటికి పంపకూడదు.

ట్యూబుతో ఇంటికి వెళ్లాకే అసలు తిప్పలు. మొదటి ఒకటి రెండు రోజులు ఎర్రనీళ్లలా వస్తే భయపడక్కర్లేదు, గడ్డలు పడితే మాత్రం రావాలి. ట్యూబు బ్యాగు ఎప్పుడూ నడుముకు కిందుగానే ఉండాలి. పినాకిని రైల్లో చెన్నై చెకప్‌కు వెళ్తూ బ్యాగును కిటికీ పక్క కొక్కేనికి తగిలిస్తారు. అందులోని మూత్రం కిడ్నీలోకి తిరిగి ఎగదన్నుతుంది. ప్యాంటు కాలికి కట్టుకునే బ్యాగు ప్రయాణానికి మేలు. ట్యూబును ఒక్కచోట అంటిస్తే చాలదు, చర్మం దగ్గర ఒకటి, జానెడు కింద వదులుగా మెలిక తిప్పి ఇంకొకటి. పక్కకు ఒత్తిగిల్లినప్పుడు లాగుడు ఆ మెలిక మీద పడుతుంది గానీ కుట్టు మీద పడదు. రోహిణి ఎండల్లో చెమటకు ప్లాస్టర్ నిలవదు, కాబట్టి వారానికి రెండుసార్లు మార్చే డ్రెస్సింగ్ వేసవిలో రోజు మార్చి రోజు మార్చుకోవాలి. డాక్టరు రాసిస్తేనే 5–10 మిల్లీలీటర్ల స్టెరైల్ నార్మల్ సెలైన్‌తో నెమ్మదిగా కడగాలి. నెట్టి కొట్టకూడదు, సిరంజితో పీల్చకూడదు.

బ్యాగులో ఒక్కసారిగా చుక్క రాకపోతే ముందు ట్యూబు పొడవునా మెలిపడిందేమో చూడండి, మూడుముఖాల కవాటం మూసి ఉందేమో చూడండి. సగం ఫోన్లు అక్కడే తీరిపోతాయి. ట్యూబు జారి బయటికొస్తే శుభ్రమైన గుడ్డ అద్ది అదే రోజు రావాలి. దారి తెరిచి ఉండగా వస్తే కొత్త ట్యూబు ఆ దారినే వెళ్తుంది. రెండు రోజులు ఆగితే దారి మూసుకుని మళ్లీ సూదితో మొదలు. నోటుబుక్కులో ట్యూబు బ్యాగుకు ఒక గడి, పొట్ట సంచికి ఇంకో గడి గీసి ఎంతెంత వస్తోందో విడిగా రాయాలి. మూసుకున్న కిడ్నీ కోలుకుంటోందా లేదా అన్నది డాక్టరుకు ఆ లెక్కలోనే కనబడుతుంది.

జ్వరం తగ్గి వారం పది రోజులయ్యాక ట్యూబు గుండా ఎక్స్‌రే మందు పంపి ఇరుకు ఎంత పొడవుందో చూస్తారు. తర్వాత ఏం చేయాలన్నది ఆ పొడవు మీద, ఎటువైపు అన్నదాని మీద, కిడ్నీలో మిగిలిన శక్తి మీద ఆధారపడుతుంది. అది మచ్చా, తిరగబెట్టిన క్యాన్సరా అన్నది కూడా తేలాలి. అతుకు దగ్గర గడ్డలా కనిపించినా, మూత్రంలో క్యాన్సర్ కణాలు కనిపించినా ముక్క తీసి పరీక్ష చేయకుండా బెలూన్ పెట్టకూడదు.

బెలూన్‌తో వెడల్పు చేయడం చాలామందికి ఇష్టం, కోత లేదు, రెండో రోజే ఇంటికి. కానీ నిలిచేది తక్కువ. దీర్ఘకాలంలో సగానికి బాగా తక్కువమందికే నిలుస్తుంది. లేజర్‌తో లోపలినుంచి కోసి ఆరు వారాలు స్టెంట్ ఉంచే పద్ధతి దానికన్నా నయం, అదీ సెంటీమీటరు లోపు ఇరుకైతేనే, కిడ్నీలో శక్తి బాగా ఉంటేనే. ఎడమవైపు పెద్దపేగు రక్తనాళాలు పక్కనే ఉంటాయి గనక లేజర్ కోతకు మేం అంత తేలిగ్గా సిఫారసు చేయం. మళ్లీ పొట్ట తెరిచి, లేదా రోబోతో, మచ్చ పట్టిన ముక్క తీసేసి యురేటర్‌ను కొత్తచోట కుడితే పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమందికి నిలుస్తుంది. మొదటి ఆపరేషనైన మూడు నెలల లోపు ఇది చేయరు, లోపల అంతా అతుక్కుని ఉంటుంది. యురేటర్ అందనంత పొట్టిగా మిగిలితే మధ్యలో పేగు ముక్క వేస్తారు. కష్టమైన ఆపరేషనే, పేగుకు గాయమయ్యే ప్రమాదమూ ఉంది. అయినా యాభై, అరవై ఏళ్ల వయసులో, క్యాన్సర్ లేకుండా, కిడ్నీ బాగా పనిచేస్తున్నవాళ్లను బెలూన్ల చుట్టూ ఏళ్ల తరబడి తిప్పడం మాకు సమ్మతం కాదు. ఒక్కసారి లోపలి పద్ధతి విఫలమైతే కుట్టు మాట అడగండి.

ఆపరేషన్ తట్టుకోలేనివాళ్లకు, క్యాన్సర్ ఒంట్లో మిగిలినవాళ్లకు స్టెంటే గతి. కాండ్యూట్‌లో సాధారణంగా వాడేది ఒకవైపే చుట్ట ఉండే పొడవాటి స్టెంట్. చుట్ట కిడ్నీలో, తోక స్టోమాలోంచి సంచిలోకి. ఇది తెలియక సంచి మార్చేటప్పుడు ‘ఏదో దారం వేలాడుతోంది’ అని తోకను కత్తిరించేవాళ్లున్నారు. సంచిని చర్మానికి అంటించే ఫ్లాంజి చెక్కతో కలిపి లాగేసేవాళ్లూ ఉన్నారు. కత్తిరిస్తే కొస లోపలికి ముడుచుకుని మళ్లీ పట్టుకోవడం కష్టమవుతుంది. సంచి మార్చే రోజు ఒక చేత్తో తోకను స్టోమా దగ్గర మెత్తగా అదిమిపట్టి రెండో చేత్తో ఫ్లాంజి ఊడదీయాలి. కొత్త ఫ్లాంజి రంధ్రంలోంచి ముందు తోకను దూర్చి ఆ తర్వాతే అంటించాలి. బయట ఎన్ని సెంటీమీటర్లుందో ప్రతిసారీ చూడాలి. ఎనిమిది ఉన్నది పన్నెండైతే జారుతోందన్నమాట.

స్టెంట్‌కు ఆయుష్షు మూడు నెలలు. పేగు జిగురు, ఉప్పు పేరుకుని లోపల పూడుకుపోతుంది. సమయానికి వస్తే పాత స్టెంట్‌లోంచే వైరు పంపి, సీ-ఆర్మ్ ఎక్స్‌రే యంత్రం కింద పది పదిహేను నిమిషాల్లో కొత్తది వేస్తారు. వైరు దూరనంతగా పూడిపోతే మళ్లీ వీపు నుంచి దారి వేయాలి. మా దగ్గర పొగాకు వేలం కేంద్రాలు నడిచే నెలల్లో, వరి కోతల్లో తేదీలు దాటిపోతాయి. ‘బేళ్లు అమ్మాక వస్తాం’ అంటారు. ఏడాది దాటిన స్టెంట్ చుట్టూ రాయి కడితే అది విడిగా ఒక ఆపరేషన్. తేదీ రాగానే ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటర్‌లో ప్యాకేజీ సంగతి వారం ముందే అడిగి పెట్టుకోండి, మార్చే రోజు కాగితాల కోసం తిరగక్కర్లేదు.

ట్యూబు వేసి ఆరు వారాలు చూసినా రీనోగ్రామ్‌లో ఆ కిడ్నీ వాటా నూటికి పది లోపే ఉంటే, దాన్ని బాగుచేయడానికి పెద్ద ఆపరేషన్ దండగ. నొప్పి, చీము లేకపోతే అలా వదిలేయొచ్చు. పదేపదే చీము పడుతుంటే తీసేస్తారు. మిగిలినది ఒకే కిడ్నీ అయినప్పుడు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జోలికి ఇక పోకూడదు. ఇంకా కీమో తీసుకోవాల్సి ఉన్నవాళ్లకు కిడ్నీ శక్తి మరీ ముఖ్యం. సిస్‌ప్లాటిన్ ఇవ్వాలంటే కిడ్నీ వడపోత సాధారణంగా నిమిషానికి 60 మిల్లీలీటర్లయినా ఉండాలంటారు. స్ట్రిక్చర్‌ను చూసీచూడనట్టు వదిలేస్తే ఆ మందూ చేజారుతుంది.

మా కోరికలు రెండే. సంచి ఉన్న ప్రతి మనిషి దగ్గరా ఒక అట్టముక్క ఉండాలి: ఆపరేషన్ తేదీ, బ్రికరో వాలెసో, డిశ్చార్జి నాటి క్రియాటినిన్, మొదటి స్కాన్‌లో రెండు కిడ్నీల కొలత, స్టెంట్ ఉంటే ఎటువైపు, మార్చాల్సిన తేదీ. ఏఎన్ఎంలు బీపీ, షుగర్ జాబితాల్లాగే వీళ్ల తేదీలూ చూస్తే బాగుంటుంది, ఊరికి ఒకరో ఇద్దరో తప్ప ఉండరు. రెండోది ప్రభుత్వానికి. రెండు జిల్లాల పెద్దాసుపత్రుల్లో రాత్రిపూట కూడా పీసీఎన్ వేయగల డాక్టరు ఒకరు ఫోనుకు అందుబాటులో ఉండాలి, సూది, వైరు, దారి వెడల్పు చేసే డైలేటర్లు, 8, 10 ఫ్రెంచ్ ట్యూబులు అత్యవసర విభాగంలోని బీరువాలోనే ఉండాలి. ఇప్పుడు చాలాచోట్ల అవి ఆపరేషన్ థియేటర్ స్టోరులో ఉంటాయి, స్టోరు తాళం పగటి డ్యూటీ వాళ్ల దగ్గర ఉంటుంది.

ఇట్లు,
యూరాలజీ వార్డుల్లో పనిచేసే కొందరు వైద్యులు, నర్సులు
నెల్లూరు, ఒంగోలు